వెంట్రుక వాసన రాలేదు

జూన్ 9, సోమవారం

నేను సిగరెట్లు తాగుతున్నానట. మా ఇంట్లో అలా తేలింది. నా గదిలో అగ్గిపెట్టె, సాసర్‌లో బూడిద అమ్మ కంట పడ్డాయి. నన్ను అడగలేదు, నేరుగా నాన్నకు చెప్పింది. నాన్న దండెం మీది నా దుపట్టా వాసన చూస్తుంటే నేనే చూశాను. నన్ను బీఎస్సీ కెమిస్ట్రీ చదివించిన మనిషి!

నేను కాల్చింది దారాలు. ఆదోనిలో ఏ షాపుకు పోయినా ప్రతి తానూ ప్యూర్ కాటనే. పోయిన నెల ఆ ప్యూర్ కాటన్‌తోనే కిటికీలకు కర్టెన్లు కుట్టాను. ఒకటి ఉతికితే జానెడు కురచైంది. అది నా తప్పే, నానబెట్టకుండా కత్తిరించాను. రెండోది ఇస్త్రీపెట్టెకు అతుక్కుంది. అది కాటనే కాదు. అప్పటినుంచి ఏ బట్ట తెచ్చినా అంచులో ఒక పోగు లాగి కాల్చి చూస్తున్నాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ అయితే బూడిదే ఉండదు, కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది.

ఇదంతా ఓపిగ్గా చెప్పాను. అమ్మ మొత్తం విని, ఇవన్నీ నేర్పించిన అబ్బాయి ఎవరని అడిగింది.

జూన్ 10

నా దిండు పక్కన ఏలకులు, నోట్లో సిగరెట్ వాసన పోవడానికి. నమ్మలేదన్నమాట.

జూన్ 13, శుక్రవారం

నాన్న వాళ్లమ్మ, మా అజ్జి, మడి చీర మడత దగ్గర చిరిగింది. కుట్టిపెట్టమని నాకిచ్చింది. ఇంట్లో నా కుట్టు మిషన్‌కు దక్కిన మొదటి గౌరవం.

రోజూ పొద్దున ఆ చీర కట్టుకునే దేవుడికి నైవేద్యం వండుతుంది. పట్టుచీర కదా. నూలుదైతే దినామూ తడిపి ఆరేయల్ల, పట్టుకు ఆ బాధ లేదు, తడపకున్నా మడే అంటుంది. ఎనిమిదేళ్ల కిందట పెదనాన్న సేతుమాధవరావు మంత్రాలయం నుంచి తెచ్చిచ్చిన చీర. నేను పాలిస్టర్ చుడీదార్‌తో వడ్డించానని విస్తరి ముందు నుంచి లేచిన పెదనాన్న ఈయనే.

పట్టు కదా అని సన్న సూది ఎక్కించాను. అలవాటుకొద్దీ చిరుగులోంచి ఒక పోగు లాగి కాల్చాను.

వెంట్రుక వాసన రాలేదు. నల్లపూస వచ్చింది.

ఇంకో పోగు కాల్చాను. ఇంకో పూస.

అమ్మను పిలిచి ఆమె ముందే మూడోది కాల్చాను. నేను సిగరెట్లు తాగడం లేదని అప్పుడు నమ్మింది. వెంటనే తలుపు వేసింది.

"నోరు మూసుకోని కుట్టిచ్చేయ్. మీ పెదనాన్న మొగం యాడ పెట్టుకుంటాడు? అజ్జి ఎనిమిదేండ్ల మడి ఏం కావల్ల?"

మడి సంగతి కాదు, పొయ్యి సంగతి అన్నాను. నిప్పు తగిలితే ఈ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నాన్న పేపర్‌లోంచి తల ఎత్తకుండా, అజ్జి జాగ్రత్త మనిషి అన్నాడు. వాళ్లన్నను అంగడివాడు మోసం చేసి ఉంటాడట. అక్కడికి కథ కంచికి.

కుట్టిచ్చాను.

జూన్ 16, ఉదయం

జాగ్రత్త మనిషి కొంగు ఈరోజు స్టవ్‌కు తగిలింది. బెత్తెడు ముడుచుకుపోయింది. మణికట్టు మీద బొబ్బ. అమ్మ తేనె రాస్తూ, పట్టు పాతబడితే అంతే అత్తమ్మా అంది. అంటూ నావైపు చూడలేదు.

జూన్ 17

ఎమ్మిగనూరు పోయొచ్చాను. ఉచ్చీరప్ప అనే ఆయన కొట్లో అజ్జి కోసం మగ్గం నూలు చీర చూశాను, ఎర్ర అంచుది. ఒక పోగు కాల్చి చూస్తానన్నాను.

"మేము నేసిన చీరకే అగ్గి పెడ్తావా పాపా? నువ్వు కొనేకి వచ్చినావా, తగలబెట్టేకి వచ్చినావా?"

అన్నాడే గానీ ఆయనే పోగు లాగి ఇచ్చాడు. చూడమని పక్క కొట్టు వాళ్లను కూడా కేకేశాడు. కాగితం వాసన. నలుగురూ చూస్తుండగా బూడిద ఊదేశాను.

బస్సులో మొత్తం దారి ఆ చీర ఒళ్లోనే పెట్టుకున్నాను.

జూన్ 19, గురువారం

అజ్జికి చెప్పేశాను. రెండు చీరల పోగులూ ఆమె ముందే కాల్చాను. వాసన చూసింది. నల్లపూసను అరచేతిలో చాలాసేపు దొర్లించింది. ఏడుస్తుందనుకున్నాను. ప్రాయశ్చిత్తం అంటుందనుకున్నాను. ఒకటే అడిగింది, సేతుకు తెలుసా అని. తెలియదనుకుంటా అన్నాను.

"వానికి చెప్పొద్దు. ఆదివారం వస్తాండాడు. ఆ చీరే కట్టుకుంటా. చూసి మురిసిపోతాడు."

బొబ్బ ఇంకా మానలేదు. కొత్త చీర బాగుందని మెచ్చుకుని బీరువాలో పెట్టింది.

అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, ఇప్పుడు అజ్జికీ తెలుసు. పెదనాన్న మురిసిపోవడం కోసం అందరూ కలిసి అజ్జిని పొయ్యి ముందు నిలబెడుతున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే నిప్పుతో చెలగాటమాడుతున్నానట.

జూన్ 21, శనివారం

అజ్జి మడి చీర కత్తిరించాను. ఆరు దిండు గలీబులు వచ్చాయి. పాలిస్టర్‌కు వేసే సూదితోనే కుట్టాను. కుట్టు చక్కగా పడింది.

ఒకటి దిండుకు తొడిగి, రేపు పెదనాన్న కూర్చునే కుర్చీలో వేశాను. ఏం బట్ట అని అడిగితే చెబుతాను.