కొండెక్కినా కాగని ఇంజన్

మీకు,

మీరు పోయి నేటికి ఏడాది. మీ టాక్సీని మేం అమ్మలేదు. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ కాగిపోతోందని, ఎవరికైనా ఇచ్చేద్దామని మీ తమ్ముడు మునస్వామి చాలాసార్లు అన్నాడు. ఆయిలు ఎక్కువ పట్టేట్టు ఇంజన్ కింద ఉండే ఆయిలు చాంబర్ పెద్దది చేయిస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని, ఇంకా ఏళ్ల తరబడి మన్నుతుందని మీరు అనేవారు కదా, అదొక్కటి చేసి చూడమన్నాను.

పాకాల మెకానిక్ మొదట ఒప్పుకోలేదు. "లోతు పెంచితే రాళ్లకు తగుల్తాదమ్మా," అన్నాడు. ఆఖరికి రెండు పక్కలా రేకు అతికి వెడల్పు చేశాడు. "ఇంక ఉండే కొంచెం ఆయిలే మాటిమాటికీ కాగే పని లేదు. కింద కాస్త సల్లారినాకే మళ్లా ఇంజన్లోకి పోతాది," అని చెప్పాడు.

ఈ పొద్దున మునస్వామి నన్ను ఎక్కించుకుని తిరుమలకు బయలుదేరాడు. సగం దారి దాటినా బండి ఎక్కడా మొరాయించలేదు.

"సూడు వదినా, అన్న సెప్పిందే నిజం!" అని పొంగిపోయాడు.

నాకూ సంతోషమే. అయినా పెద్ద మలుపు రాగానే ఆపమన్నాను.

"ఎందుకు వదినా? ఇంజన్ సల్లగానే ఉండాది."

ఇంజన్ చల్లారేదాకా మీరూ నేనూ పిట్టగోడ మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నది అక్కడే. ఇంట్లో అంత తీరిక మీకెప్పుడూ దొరకలేదు. ఆ మాట అతనికి చెప్పలేదు. దిగి, కాసేపు కూర్చుని, వచ్చి బండెక్కాను.

ఆ తర్వాత కొండపైదాకా ఎక్కడా ఆగలేదు.

రాజమ్మ