పేర్లు రాసుకునే దొర

ఒరే మల్లయ్యా,

ఇందుమూలంగా సిద్దిపేట ప్రజలందరికీ తెలియజేయునదేమనగా, నా మీసంలో తెల్లవెంట్రుక మొలిచింది, ఎవరూ నవ్వరాదు. నువ్వైతే నవ్వేవాడివే.

లడాయిలో నిన్ను తుపాకితో కాల్చి చంపి నేటికి ఏడాది. నిన్న చాయ హోటల్లో అన్నాను: "అన్ని దేశాలు కలిసి పెద్ద సభ పెట్టినయట. కూలిపోయిన మన రాజ్యాన్ని మల్ల నిలబెట్టెతందుకు ఆ సభ దొర వస్తుండు. సచ్చినోళ్ల పేర్లు రాసుకుంటడట!"

పొద్దున తలుపు తీసి కొయ్యబారిపోయాను. తూటా తొలిచిన నీ అంగీ పట్టుకుని మీ అవ్వ నిలబడి ఉంది. వెనక వీధి పొడుగునా ఆడవాళ్లే.

"బిడ్డా, మా మల్లయ్య పేరు ఏ కచేరీల రాసుకోలే. గా దొరనన్న రాయుమను."

దొరకు ఇస్తానని చెప్పి, చనిపోయిన వాళ్లందరి పేర్లూ రాశాను.

"దొర ఎప్పుడొస్తడు?"

"సోమారం, అవ్వా."

ఆమె మా అరుగు మీదే కూర్చుంది. ఆ సభ ఉన్నమాట నిజమేరా. దొరను మాత్రం నేనే పుట్టించాను.