పుట్టకముందే రిటైరైన ఆదిలక్ష్మి

మావయ్యా, నమస్కారం.

మీరు వెళ్లిపోయి నాలుగేళ్ల మూడు నెలలైంది. ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అని మూతి ముడుచుకోకండి. మీకే చెప్పాలనిపించే సంగతి ఇన్నాళ్లకు గానీ జరగలేదు మరి...

ముందు ఇంటి కబుర్లు. అత్తయ్య బాగున్నారు. మీరున్నన్నాళ్లూ వరండాలోని మీ పడక కుర్చీని పారేయమని గొడవ పెట్టారు కదా, ఇప్పుడు ఆవిడే అందులో కూర్చుంటున్నారు. ఇంకెవరైనా కూర్చుంటే చూపులతోనే లేపేస్తున్నారు. మీ అబ్బాయికి బట్టతల మొదలైంది. మీ పోలికే అని నేను వెక్కిరిస్తే, నాన్నకి అరవై దాటాక గానీ రాలేదని వాదిస్తున్నారు. నిజమేనా?

ఇక అసలు సంగతి. మన రైల్వే వర్క్‌షాపులో, పెట్టెలు బాగుచేసే కేరేజీ షాపు ఫిట్టరు అప్పలనాయుడు గుర్తున్నాడా? రోజూ సైరన్ ఆగిన రెండు నిమిషాలకు హాజరు వేసే మీ టైమాఫీసు కిటికీ దగ్గరకు రొప్పుతూ వచ్చేవాడు. "ఏటిరా నాయుడూ, నీ గడియారం సాలువా ఊరు మీంచి సుట్టు తిరిగొస్తందేటి?" అనేవారు మీరు. పోయిన ఏడాది డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. మీకు అక్కడ కనబడే ఉంటాడు. అక్కడికైనా వేళకు చేరాడో లేదో...

అతని కూతురు ఆదిలక్ష్మికి తండ్రి పోయినందుకు ఇచ్చే ఉద్యోగం వచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఖలాసీ పని. ఈ నెలాఖరులోగా చేరకపోతే ఆర్డరు రద్దు. చేరాలంటే మా కంప్యూటరు సెక్షన్లో ఆమె వివరాలు ఎక్కాలి, మిషన్ చీటీ ఇవ్వాలి, ఆ చీటీ చూపిస్తేనే టైమాఫీసులో నంబరు వేసిన హాజరు బిళ్ళ ఇస్తారు. చేత్తో రాసిచ్చే చీటీలు ఎప్పుడో ఆపేశారు. మీ రోజులు కావివి.

వివరాలు కొట్టాను. మిషన్ చీటీ ఇవ్వనంది. ఎందుకయ్యా అంటే, ఈమె రిటైరైపోయింది అంది. ఎప్పుడూ? 1903 మే ఇరవై అయిదున!

నవ్వకండి. నేనూ ముందు నవ్వాను. ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు చూశాక నోరు మూసుకున్నాను.

తప్పెక్కడో కాసేపటికి అర్థమైంది. మన మిషన్ తేదీలను మనలా రాసుకోదు. 1970 జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఒక్క అంకె రాసుకుంటుంది, అంతే. ఆ అంకె రాసే గడి చిన్నది. 2038 జనవరిలో నిండిపోతుంది. కరెంటు మీటరులో తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలు వచ్చినట్టు, ఇది గిర్రున తిరిగి 1901కి పోయి పడుతుంది. ఈ ఏడాది రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి అరవై చేశారు. యాభై ఎనిమిదే ఉంటే ఆదిలక్ష్మి 2037లో దిగిపోయేది, మిషన్‌కి ఏ బాధా లేదు. అరవై అయ్యేసరికి 2039 జూన్. గడి చాలలేదు.

దేశమంతా రెండు సున్నాల గురించి, రెండువేల సంవత్సరం గురించి హడావిడి పడుతోంది. మాకు పట్టిన జబ్బు అది కాదు. నలభై ఏళ్ల తరవాత రావలసిన జబ్బు ముందే వచ్చి మా బెంచీ మీద కూర్చుంది, ఆదిలక్ష్మి రూపంలో, మేనత్త చీర కట్టుకుని.

మా బడోబాబు, అదే మా హెడ్ క్లర్కు, మంచివాడే. కానీ పని తెమలాలి ఆయనకి. చిన్న సర్దుబాటు చేద్దామన్నాడు. పిల్ల పుట్టిన సంవత్సరాన్ని 1979కి బదులు 1977 అని కొడితే మిషన్ ఊరుకుంటుంది, అందరం ఇళ్లకు పోవచ్చు, ఠీక్ హై కదా అన్నాడు. ఆదిలక్ష్మి కూడా సరేనంది. నలభై ఏళ్ల తరవాతి మాట ఎవరు చూశారక్కా, రెండేళ్లు పోతే పోనీ అంది.

నాకు ఒళ్లు మండిపోయింది మావయ్యా. ఎందుకో మీకు తెలుసు. మీరు చేరిన రోజున మిమ్మల్ని పనిలో రాసుకున్న మేస్త్రి చేసిన పని ఇదే. "నా మీసం సూసి రెండేళ్లు కలిపేసినాడమ్మా. మీసాన్ని బట్టి వయసు కట్టినోడు ఎవుడైనా ఉన్నాడా?" అని నవ్వుతూనే చెప్పేవారు. కానీ రిటైరయ్యాక ఏం చేసేవారో నేను చూశాను. పొద్దున సైరన్ మోగగానే చొక్కా తొడుక్కుని గేటు దాకా వెళ్లి, ఊరికే వచ్చేసేవారు. ఒకటి కాదు, రెండేళ్లు... మీ అసలు వయసుకు యాభై ఎనిమిది నిండే దాకా. ఆ తరవాత ఒక్క రోజూ వెళ్లలేదు. మేం గమనించలేదనుకున్నారా?

అందుకే బడోబాబుతో చెప్పేశాను, పుట్టిన తేదీ ముట్టుకోను, మిషన్‌నే సరిచేస్తానని. నెలాఖరుకి ఎనిమిది రోజులున్నాయి. ఆయన నన్నూ, గోడ మీద కేలండరునూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

మిషన్ అమ్మిన కంపెనీ మూతపడి అయిదేళ్లు. పోతూ పోతూ లోపలి ప్రోగ్రాముల టేపులు మా బీరువాలో వదిలిపోయింది, అదే మన అదృష్టం. అన్నిటికంటే లోపల కెర్నల్ అని ఒకటుంటుంది. మీ టైమాఫీసే అనుకోండి. పై ప్రోగ్రాములు ఏం కావాలన్నా దాని కిటికీకి రావాలి. టైమెంత, ఫలానా తేదీకి అంకె ఎంత అని అడుగుతాయి. అది చిన్న గడిలో జవాబు రాసి కిటికీలోంచి ఇస్తుంది.

నేనేం చేశానంటే... గడిని పెద్దది చేసేశాను. ఎంత తెలివో చూడండి! భోజనాల వేళ మిషన్‌ని ఆపి, కొత్త కెర్నల్ ఎక్కించి, హాజరు పట్టీ తీశాను. మా సెక్షన్లో ఒక్కరు కూడా ఇంకా ఉద్యోగంలో చేరలేదని వచ్చింది. బడోబాబు చేరలేదు. నేనూ చేరలేదు. తేదీ చూస్తే 1970 జనవరి ఒకటి. పాత ప్రోగ్రాములు చిన్న జవాబుకే చేయి చాపి నిలబడ్డాయి. పెద్ద జవాబు ఇస్తే సగమే పట్టింది, అదీ సున్నాలున్న సగం. మిగతాది పక్క గడిలోకి ఒలికి అక్కడున్నదాన్ని కూడా పాడుచేసింది. ఆ ప్రోగ్రాములు నలభై పైగా ఉన్నాయి. కొన్ని ఎవరు రాశారో కూడా ఎవరికీ తెలియదు. అన్నిటినీ ఎనిమిది రోజుల్లో మార్చడం నా వల్ల అయ్యే పనేనా?

భోజనాల వేళ అయిపోయిందని సైరన్ మోగేలోగా పాతది తిరిగి ఎక్కించేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. బడోబాబు తాను ఉద్యోగంలో లేని ఆ ముప్పావుగంట సంగతి ఇప్పటికీ ఎరగడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మరమరాల ముడీలో ఉల్లిపాయలు కలుపుతుంటే మీరు గుర్తొచ్చారు. ముడీ తింటూ మీరు నూటొక్క సార్లు చెప్పిన కథ! కొత్తగా చేరినవాళ్లకు అయిదంకెల బిళ్ళలు వచ్చిన రోజు. అవి పాత వాటికంటే పెద్దవి, బిళ్ళలు తగిలించే పాత పలక గాళ్లలో పట్టవు. పై ఆఫీసరు పాత పలక పీకేసి, అందరి పాత బిళ్ళలూ ఒక్క రోజులో మార్చేయమన్నాడు. వరస గేటు దాటి రోడ్డు దాకా పాకింది. అప్పుడు మీరు ఎవర్నీ అడక్కుండా సామాన్ల గది కిటికీ తెరిచి, అక్కడ కొత్త పలక వేలాడదీశారు. "పాత బిళ్ళోళ్లు పాత కిటికీకే ఎల్లండి. కొత్త బిళ్ళోళ్లు ఇటు రండి. ఎవుడూ తోసుకోకండి!" ఆఫీసరు కేకలేస్తే, "పాతోళ్లు ఒక్కొక్కలూ రిటైరయిపోతే ఆ కిటికీ దానంతటదే మూసుకుంటాది సార్. మనం బలిమిని మూస్తే జనం ఎటెల్తారు?" అన్నారట. అప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఎన్నిసార్లు విన్నా ఆ కథలో నాకు పనికొచ్చేది ఉందని తోచలేదు చూడండి!

మర్నాడు అదే చేశాను. పాత కిటికీని, దాని గడిని ముట్టుకోలేదు. కెర్నల్‌లో దాని పక్కనే కొత్త కిటికీ తెరిచాను, పెద్ద గడితో. ఉద్యోగంలో చేర్చుకునే ప్రోగ్రాము ఒక్కదాన్నే అటు పంపాను. మిగిలినవి ఎప్పుడు వీలైతే అప్పుడు, ఒక్కొక్కటీ వస్తాయి.

ఇంకో పని కూడా చేశాను. పాత కిటికీని ఎవరైనా 2038 దాటిన తేదీ అడిగితే, అది 1903 అని కూయకూడదు. నాకు చేతకాదు, పక్క కిటికీకి వెళ్లు అనాలి. రిజిస్టర్ల విషయంలో మీరు చెప్పే మాటేగా, "తెలీపోతే తెలీదని రాయి. తోసింది రాయకు." 

ఆ రోజుల్లో పొద్దున కంప్యూటర్లు వద్దని యూనియన్ జెండా పట్టుకుని ఊరేగి, సాయంత్రం నన్ను ఝపటాపూర్ కంప్యూటర్ క్లాసుకు దిగబెట్టినవారు మీరు. జనం ఆటపట్టిస్తే, "వొద్దన్నది యూనియను. కోడలు నేర్సుకోవాలన్నది నాను. రెండూ నిజివే" అన్నారు. ఇప్పుడు వాళ్లందరినీ పిలిచి చూపించాలనిపించింది.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. ఆదిలక్ష్మి బయట బెంచీ మీద కూర్చుంది. ఆఫీసు అయిదింటికి మూస్తారు. చీటీ తీసేముందు తేదీని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకోవాలి కదా, 1970 ముచ్చట మళ్లీ కాకుండా.

ముందు 2040కి తిప్పి కొత్త కిటికీని అడిగాను. పట్టీలో మీ అబ్బాయి రిటైరయ్యారు, నేనూ రిటైరయ్యాను, ఆదిలక్ష్మి కూడా ఆరు నెలల కిందట దిగిపోయింది. బ్రహ్మాండం!

తరవాత వెనక్కి. బీరువాలో 1993 నాటి ప్రింటు ఒకటి దొరికింది, రిటైరైనవాళ్లలో రైలు పాసు హక్కున్నవాళ్ల జాబితా. మిషన్‌ని అదే తేదీకి తిప్పి, అదే ప్రోగ్రాము నడిపి, రెండూ పక్క పక్కన పెట్టి సరిచూద్దామనుకున్నాను. పోయినవాళ్ల పేర్లు, పోయిన తేదీ దాటాక, ఆ ప్రోగ్రామే తీసేస్తుంది.

ప్రింటరు గీరుకుంటూ పేర్లు వేస్తోంది. నేను వేలు పెట్టి ఒక్కో వరస చూసుకుంటూ పోతున్నాను. మూడో కాగితంలో మీ పేరు వచ్చింది.

పాత కాగితంలో ఉంటుందని తెలుసు నాకు. కానీ ఇది పాత కాగితం కాదు మావయ్యా. అప్పుడే వేసింది. సిరా ఇంకా వేలికి అంటుతోంది. ఆ మిషన్ మటుకు అది 93 అనుకుంటోంది, మీరు తాల్‌బగీచా ఇంట్లో కుర్చీలో ఉన్నారనుకుంటోంది. దాని లెక్కలో నేను సాయంత్రం ఇంటికెళ్తే మీరు ఉంటారు...

ఏడ్చాను. దాచడమెందుకు? జాబితా సరిపోయింది, ఒక్క అక్షరం తేడా లేదు. ఇక తేదీ ఇవాళ్టికి తేవడమే. అంకెలు కొట్టాను. ఆఖరి మీట నొక్కడానికి చేయి రాలేదు. ఇంకొక్క నిమిషం ఉండనిద్దాం, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఒక నిమిషం అయింది, రెండు అయ్యాయి. గోడ గడియారం పావు తక్కువ అయిదు చూపిస్తోంది. తలుపు సందులోంచి ఆదిలక్ష్మి లోపలికి తొంగి చూసింది. ఆమె ఆ రోజు లోపలికి రావలసింది 1998లో. 93లో ఆమె ఇంకా బళ్లో చదువుకుంటోంది.

నొక్కేశాను మావయ్యా.

చీటీ వచ్చింది. రిటైర్మెంటు 30 జూన్ 2039. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుని గేటు వైపు పరుగెత్తింది.

ఆ మీట నొక్కింది నేనే. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. మీరైనా అదే చేసేవారు కదూ?

మిగతా ప్రోగ్రాములను కూడా నేను దిగిపోయేలోగా కొత్త కిటికీకి తీసుకొస్తాను. మాట ఇస్తున్నాను.

మీ కోడలు,
సత్యవతి