అట్టపెట్టెలో కాపురం

బావగారికి,

మీ మరదల్ని. ఈసారి తిట్టడానికి రాయడం లేదు, ధైర్యంగా చదవండి.

ఫ్రిజ్ తలుపు మీద సొట్ట ఉందని మొన్న ఫోన్లో మీ చెవుల తుప్పు వదిలించాను కదా. అట్టపెట్టెతో సహా తిరిగిస్తే మార్చి కొత్తది ఇస్తానన్నారు. మీ కొట్టు నుంచి వ్యాన్ పంపకండి. పెట్టె ఖాళీగా లేదు, అందులో కాపురం ఉంటున్నారు!

పక్కన మేడ కడుతున్న కూలీల పిల్లలు ముగ్గురు, నేను బయట పెట్టిన ఆ పెట్టెని అడ్డంగా పడుకోబెట్టి, కిటికీ కోసి, ఇల్లు చేసుకున్నారు. పెట్టె అడుగుదామని ఇవాళ వెళ్తే, "చెప్పులు బయట విప్పి రండి ఆంటీ" అన్నారు. వంగి దూరాను. కిటికీ పక్క చోటు నాకే ఇచ్చారు. ఉన్న ఒక్క బిస్కెట్టునీ నలుగురికి విరిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టారు. ఇక పెట్టె ఏం అడగను?

ముందు పళ్ళూడిన చిన్నపిల్ల కూర్చున్నచోటు నుంచి కదలకుండానే, "ఇది హాలు, ఇది వంటిల్లు" అని ఇల్లంతా చూపించింది. నవ్వాపుకోలేక నేను గోడకి ఆనుకుంటే ఇల్లే ఊగిపోయింది. దాంతో వాళ్ళు పడీపడీ నవ్వారు.

వచ్చేస్తుంటే ఆ పిల్ల దిగులుగా, "ఇంత మంచి ఇల్లు మాకిచ్చేశారు, మరి మీకేం మిగిలింది ఆంటీ?" అంది.

"లోపలున్న ఫ్రిజ్."

"అయ్యో, అదొక్కటేనా!"

సొట్ట ఫ్రిజ్ నా దగ్గరే ఉండనివ్వండి బావగారూ. కొట్లో ఇంకో పెద్ద పెట్టె ఖాళీ అయితే మాత్రం పంపించండి. పాపం ఏమీ లేనిదాన్నని, నాకూ ఒక గది వేస్తారట.

మీ గయ్యాళి మరదలు