నాలుగు సెకన్ల అమ్మ

మార్చి 3, ఆదివారం

నాన్నకి డెబ్బై నిండాయి. ఏం కావాలని అడిగితే ఆ సినిమా తీసిన చోట్లు ఒకసారి చూపించమన్నారు. ఏ సినిమా అని అడిగే పని మా ఇంట్లో లేదు. గ్రహాంతరవాసులు వచ్చి మనుషులకి వెండిరంగు కోట్లు తొడిగి పట్టుకుపోయే ఆ పాత సినిమాయే. దానికి నాన్న లైట్‌మేన్, అమ్మ జూనియర్ ఆర్టిస్టు. పట్టుకుపోయేది అరవై మందిని. అందులో అమ్మ ఒకతి. గంటా పది నిమిషాల దగ్గర మెట్లు దిగుతూ నాలుగు సెకన్లు కనిపిస్తుంది. అందరికీ ఒకే కోటు, ఒకే విగ్గు. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చని బట్టి నాన్న పోల్చుకున్నారు.

నాకు ఏడాది నిండకముందే అమ్మ పోయింది. కదిలే అమ్మ అంటే నాకు ఆ నాలుగు సెకన్లే.

మార్చి 9, శనివారం

లీవు దొరికింది. ఎక్స్‌రే రూములో నీ బదులు ఎవరుంటారని సూపరింటెండెంటు గంటసేపు నస పెట్టాడు. నాన్న బ్యాగు సర్ది, విప్పి, మళ్ళీ సర్దారు. ఫోన్లో చెబితే కొత్త పెళ్ళికొడుకు అనుకో అని అక్క నవ్వింది.

సీన్లు ప్రింట్లు తీశాను. ప్రింటుని చేత్తో ఎత్తి పట్టుకుని, వెనకున్న అసలు చోటుతో అంచులు కలిపి ఫొటో తీసుకోవాలట. ఈ సినిమా పిచ్చోళ్ళంతా అదే పని చేస్తారట. ఇప్పుడు మేమూ పిచ్చోళ్ళమే.

మార్చి 10, ఆదివారం, ఉదయం 11

అంతరిక్ష నౌక దిగిన చోటు ఇప్పుడు కార్ల పార్కింగ్. నాన్న ర్యాంపు మధ్యలో నిలబడి, ఇక్కడే పొగ వేశాం, ఇక్కడే హీరో జారిపడ్డాడు అని చెప్పుకుపోతున్నారు. వెనక ఒకాయన హారన్ కొట్టి చంపుతున్నాడు. చాలా రోజుల తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను.

మధ్యాహ్నం 3

నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు. అమ్మ దిగిన మెట్లు ఇక్కడే. వాచ్‌మేన్ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. నాన్న అవతల నిలబడి ఉన్నారు.

అంచులు కలవలేదు. ప్రింటులో మెట్లు ఎడమకి తిరుగుతాయి, ఇక్కడ కుడికి. పెద్ద పైపు అటుండాల్సింది ఇటుంది. వేరే మెట్లేమో అని వాచ్‌మేన్‌ని అడిగాను. ప్లాంటు మొత్తానికి ఇవే మెట్లు, కట్టినప్పటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టలేదన్నాడు. ప్రింటుని తిరగేసి, వెలుతురుకి పట్టి, వెనక నుంచి చూశాను. ప్రతి మెట్టూ కలిసింది. గోడ మీద పగులు కూడా కలిసింది.

షాటుని తిప్పి వేశారు. ముందు షాట్లో జనం ఎటు నడిచారో ఇందులోనూ అటే నడవాలని ఎడిటింగ్‌లో ఫిల్ము తిరగేసి ఉంటారు.

పదహారేళ్ళుగా ప్రతి ఎక్స్‌రే మీదా ఎల్, ఆర్ అని సీసం అక్షరాలు పెడుతున్నాను. ఫిల్ము తిరగబడితే ఎడమ కాలు కుడి కాలైపోతుందని కొత్తగా చేరినవాళ్ళకి క్లాసులు పీకుతాను. ఇదొక్కటీ చూసుకోలేదు.

ఆ మనిషికి మచ్చ ఉన్నది కుడి బుగ్గ మీద. ఆమె మా అమ్మ కాదు.

మార్చి 11, సోమవారం

ఇంటికి రాగానే గోడ మీది పెళ్ళి ఫొటో దించాను. అదే తిరగబడి ఉండొచ్చుగా అని చిన్న ఆశ. నాన్న చొక్కా జేబు ఎడమవైపే ఉంది. వాచీ ఎడమ చేతికే ఉంది. అమ్మ మచ్చ ఎడమ బుగ్గ మీదే.

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. పోయిన మనిషి మళ్ళీ పోవడమేమిటి.

మార్చి 12, మంగళవారం

అక్కకి చెప్పాను. చిన్నప్పటి నుంచీ అన్నిట్లో తప్పులు వెతకడమే నీ పని అని తిట్టింది. తర్వాత ఏడ్చింది. నాన్నకి చెప్పావంటే జన్మలో నీ మొహం చూడనంది. నలభై ఏళ్ళుగా ఆ నాలుగు సెకన్ల మీదే బతికిన మనిషి, ఈ వయసులో లాగేసుకుంటావా అంది. లాగేసుకోను. కానీ ఆయన పక్కన కూర్చుని మళ్ళీ ఆ సినిమా ఎలా చూడను?

మార్చి 15, శుక్రవారం

చెప్పలేదు.

మార్చి 20, బుధవారం

మొన్న శుక్రవారం నాన్న సినిమా పెట్టలేదు. జ్వరమొచ్చినా శుక్రవారం తప్పని మనిషి. కంచం ముందు కూర్చుని కెలుకుతున్నారు. ఒంట్లో బాగాలేదా అంటే, నాకేం, దుక్కలా ఉన్నానన్నారు. అక్క గానీ నోరు జారిందా? లేదని ఒట్టేసింది.

మార్చి 23, శనివారం

నాన్నకి తెలుసు. ఆ రోజే తెలుసు.

సాయంత్రం ఆయనే మాట ఎత్తారు. షూటింగ్‌లో కెమెరా పక్కన రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడ్డ చోటే మళ్ళీ నిలబడి చూశారట. ఆ రోజు జనం ఆయన కుడివైపు నుంచి ఎడమకి దిగారు. సినిమాలో ఎడమ నుంచి కుడికి దిగుతారు. ఆ తర్వాత మచ్చ సంగతి తేలడానికి ఎంతసేపని అన్నారు. నాకు చెప్పడానికి నోరు రాలేదట. తల్లి మొహమైనా గుర్తులేని పిల్లవి, ఉన్న ఆ కాస్తా ఎలా తీసేయను అన్నారు.

రెండు వారాలు ఒకే ఇంట్లో ఇద్దరం దొంగల్లా తిరిగాం.

నాకు ఒళ్ళు మండింది. సొంత భార్యని పోల్చుకోలేకపోయారా అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆయన కోప్పడలేదు. సినిమా విడుదలయ్యేసరికి అమ్మ పోయి ఆర్నెల్లట. హాల్లో ఆ మచ్చ కనబడగానే కళ్ళని నీళ్ళు కమ్మేశాయట. ఆ రోజు నుంచి మచ్చనే చూశాను తప్ప మొహం ఎప్పుడు చూశానమ్మా అని నన్నే అడిగారు.

మార్చి 31, ఆదివారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి నాన్న టీవీని బీరువా వైపు తిప్పేసి, దానికి వీపు పెట్టి కూర్చున్నారు. బీరువా అద్దంలో సినిమా నడుస్తోంది. అద్దంలో మెట్లు కుడికే తిరుగుతున్నాయి. దొరికిందా అని అడిగాను. ఇంకా యాభై తొమ్మిది మంది ఉన్నారు, వచ్చి కూర్చోమన్నారు.