వట్టి చాట పంపలేదు

ఖమ్మం, 14-8-2008

చిరంజీవి కన్నరాజుకు నాయన దీవెనలు. నేను, మీ చెల్లె పుష్పలత బాగున్నాం. ఈ కార్డు మీ అమ్మకు చదివి వినిపించు.

చెల్లె కంప్యూటర్‌లో పెట్టిన దుకాణం బాగా నడుస్తోంది. నేనల్లిన వెదురు చాటలు బెంగళూరు దాకా పోతున్నాయి. కొత్త చాట మనం ఎవరికీ వట్టిగా ఇవ్వం కదా. అందుకని అట్టపెట్టెలు మూసే ముందు చెల్లెకు చెప్పకుండా ఒక్కో చాటలో గుప్పెడు వడ్లు మూటకట్టి పెట్టాను. బెంగళూరు నుంచి ఒకామె, ఈ గింజలేమిటని కంప్యూటర్‌లో రాసి అడిగింది. “ఏంది నాయనా, నన్నడగకుండ గిట్ల జేస్తివి? చాటలు వాపసు పంపుతరేమో” అని చెల్లె మొహం చిన్నబోయింది. నేను తల వంచుకుని సంగతి చెప్పాను. చెల్లె అదే ఆమెకు రాసింది. మర్నాడు జవాబొచ్చింది. ఆ గింజలు దేవుడి పటం దగ్గర పెట్టుకుందట. చుట్టాలకు పంచడానికి ఇంకో ఇరవై చాటలు కావాలట, ఒక్కటీ వట్టిగా పంపొద్దట. “ఇగ నువ్వే పెట్టు నాయనా, నేనేమనను” అని చెల్లె నవ్వింది.

తెచ్చుకున్న వడ్లు అయిపోయాయి. కొన్నవి పెట్టబుద్ధి కాదు. మన చేనివి నాలుగు సోలలు సోమవారం బస్సులో కండక్టరుకిచ్చి పంపు. చూరులో నా చిన్న కత్తి ఉంది, అదీ పంపు. మేక ఈనిందా? నీ పిల్లలకు జ్వరం తగ్గిందా?

నేను బయలుదేరేనాడు వడ్లు సంచిలో పెట్టింది మీ అమ్మే. బరువెందుకని నేను విసుక్కున్నాను. ఈ మాట ఆమెకు రెండుసార్లు చదువు. ఈసారి కూడా ఆమె చేతే మూట కట్టించు.

అందరూ చల్లగా ఉండాలి.

లచ్చయ్య