వూఫర్‌లో మోగిన సైరన్

మంగళవారం, కిరండూల్

షాపువాడు రెండు రకాల స్పీకర్లు ఇచ్చి, నచ్చిన జత ఉంచుకోమన్నాడు. చిన్నవాటిలో పాట పర్వాలేదు గానీ, గేములో అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. వూఫర్ ఉన్న జతలో మాత్రం వెనకాల నిజంగా ఎవరో నడుస్తున్నట్టే ఉంది. ఈ ధరకి ఇంకేం కావాలి అనుకున్నాను.

అంతలో పక్క క్వార్టర్ పైడమ్మ పిన్ని తలుపు బాదింది. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతుల నిండా పిండి.

“ఓలమ్మా, సైరను ఇన్నావా? నాలుగుసార్లు కూసింది. మనోళ్ళ బండికే ఏటో అయిపోనాది!”

స్టేషన్ సైరన్ అన్నిసార్లు కూసిందంటే లైన్ మీద ప్రమాదమనే. మా ఆయన డ్రైవరుగా, బాబాయి గార్డుగా పొద్దున్నే ఖనిజం బండి మీద వెళ్ళారు.

“అది నా గేములోది పిన్నీ” అన్నాను, నవ్వేస్తూ.

“నీ ఆట మండిపోను!” అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇందాక సౌండ్ తగ్గించి ఆ లెవెల్ మళ్ళీ ఆడాను. గేములో సైరన్ కూసేది రెండుసార్లే. కంగారులో పిన్ని తప్పు లెక్కపెట్టి ఉండాలి.

ఆయన ఫోన్ ఇంకా కలవడం లేదు.